కుటుంబంతో మొదటి క్రూజ్: ఎక్కేముందు ఏమేం చూసుకోవాలి?

నీలికెరటం
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో కుటుంబమంతా కలిసి మొదటిసారి క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. వారం రోజుల ప్రయాణం. ఏథెన్స్ దగ్గర పిరయస్‌లో ఎక్కి టర్కీలోని కుశదాసి, గ్రీకు దీవులు శాంటోరిని, మైకొనోస్, ఇటలీలోని నేపుల్స్ చూసుకుంటూ చివరికి రోమ్‌లో దిగుతాం. నేను, మావారు, ఆరేళ్ళ పాప, మా అమ్మానాన్న. నాన్నకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో కర్రతో నడుస్తారు, దూరమైతే వీల్‌చెయిర్ కావాలి. అమ్మకు బస్సు నాలుగు మలుపులు తిరిగితే చాలు, కడుపులో తిప్పుతుంది.

బ్రోచర్లలో అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. అందులో రాయని సంగతులు వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే ఆ ప్రకారం సర్దుకుంటాం. ముందు గదుల సంగతి తేలాలి. ‘గ్యారంటీ క్యాబిన్’ తీసుకుంటే బాగా తగ్గుతుందని ఏజెంట్ అంటున్నారు. తీసుకోవచ్చా?

లంగరు
మీ కుటుంబానికి గ్యారంటీ క్యాబిన్ వద్దండి. అందులో గ్యారంటీ ఇచ్చేది గది రకానికి మాత్రమే. ఏ అంతస్తు, ముందువైపా వెనకవైపా అన్నది కంపెనీ ఇష్టం. మీ రెండు గదులూ పక్కపక్కన వస్తాయన్న నమ్మకం కూడా లేదు. ఎక్కడ పడుకున్నా నిద్రపట్టే కుర్రవాళ్ళకైతే అది మంచి బేరమే.

ఓడ ఊగినప్పుడు నడిమి భాగం తక్కువ కదులుతుంది. ముందు, వెనక కొనలు పైకీ కిందకీ ఎక్కువగా లేచి పడతాయి. పై అంతస్తులకు పోయేకొద్దీ పక్కలకు ఊగడం పెరుగుతుంది. కాబట్టి అమ్మగారికి ఓడ మధ్యలో, వీలైనంత కింది అంతస్తులో గది చూడండి. పెద్ద ఓడలకు నీటి లోపల రెండు పక్కలా స్టెబిలైజర్లనే రెక్కలు ఉంటాయి. అవి పక్క ఊపును బాగా తగ్గిస్తాయి. ముందూవెనకల లేచిపడే ఊపును మాత్రం పెద్దగా ఆపలేవు. “స్టెబిలైజర్లు ఉన్నాయి కదా, గది ఎక్కడైనా ఒకటే” అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

ఇంకో పని. కంపెనీ వెబ్‌సైట్‌లో డెక్ ప్లాన్, అంటే అంతస్తుల పటం, ఉంటుంది. గది నంబరు ఖాయం చేసేముందు దాని పై అంతస్తులో, కింది అంతస్తులో సరిగ్గా అదే చోట ఏముందో చూడండి. పైనా కిందా కూడా గదులే ఉంటే నిశ్చింత. పైన బఫే హాలు ఉంటే తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు మొదలవుతుంది. కింద థియేటర్ ఉంటే రాత్రి పొద్దుపోయేదాకా డ్రమ్ముల మోత. బాగా ముందువైపు కింది గదుల్లో ఓడ రేవుకు చేరే వేళ థ్రస్టర్ల (ఓడను పక్కకు నెట్టే ప్రొపెల్లర్ల) ఘోష వస్తుంది. శాంటోరిని లాంటి చోట లంగరు గొలుసు దిగే శబ్దానికి పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. నాన్నగారి కోసం లిఫ్టుకు దగ్గరగా తీసుకోండి, కానీ లిఫ్టు లాబీకి ఎదురుగా వద్దు.

డెక్‌తొమ్మిది
లంగరు గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. గది వివరాల్లో ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని ఉందేమో చూడండి. కిటికీ తెరిస్తే సముద్రానికి బదులు లైఫ్‌బోటు వీపు కనిపిస్తుంది. రెండు గదుల మధ్య తలుపు ఉండే కనెక్టింగ్ గదులు మీ ఐదుగురికి చక్కగా సరిపోతాయి. అయితే రెండూ మీవే అయినప్పుడే తీసుకోండి. పక్కన తెలియనివాళ్ళు ఉంటే ఆ తలుపు సందులోంచి వాళ్ళ మాటలన్నీ వినబడతాయి.

అమ్మగారికి వీలైనంత కింది అంతస్తే అన్న లంగరు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కడుపులో తిప్పేవాళ్ళకు కింది అంతస్తు ఎంత మేలో, బాల్కనీ గదిలో దొరికే బయటి గాలి, కంటికి కనిపించే దిగంతం కూడా అంతే మేలు. కిటికీ లేని లోపలి గది మాత్రం అమ్మగారికి వద్దు.

నౌకానర్సు
క్రూజ్ ఓడల వైద్యకేంద్రాల్లో చాలాకాలం పనిచేశాను. అమ్మగారి గురించి కొంచెం వివరంగా రాస్తాను.

సముద్రపు వికారానికి మందు ముందే పడాలి. వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు. మెక్లిజిన్, సిన్నరిజిన్ లాంటి మాత్రలు ఎక్కువమందికి సరిపోతాయి, కొంత మత్తుగా ఉంటుంది. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ ప్యాచ్ కూడా ఉంది. దాన్ని అవసరానికి కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులవరకు పనిచేస్తుంది. అయితే పెద్దవయసువాళ్ళకు దాన్ని నేను అంత తేలిగ్గా చెప్పను. నోరు ఎండిపోవడం మామూలే. కొందరికి తికమక, మూత్రం సరిగా రాకపోవడం కూడా వస్తాయి. గ్లాకోమా ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడనేకూడదు. ప్యాచ్ అంటించిన చేత్తో కన్ను నులుముకుంటే ఆ కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. పక్షవాతమేమోనని బెదిరిపోయి పరిగెత్తుకొచ్చినవాళ్ళను చూశాను. అంటించాక, తీశాక సబ్బుతో చేతులు కడగండి.

ప్రయాణానికి నెల ముందే అమ్మగారి డాక్టరును కలవండి. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ చూపించి, ఏది పడుతుందో ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడమనండి. ఓడలో కాళ్ళ కింద కదలిక మొదలవగానే చేతిలోని ఫోన్, పుస్తకం పక్కన పెట్టించండి. డెక్ మీద మధ్యభాగంలో నిలబెట్టి దూరంగా దిగంతాన్ని చూడమనండి. ఖాళీ కడుపు పనికిరాదు, నిండా తిన్నా పనికిరాదు.

రోజూ వేసుకునే మందులు చేతిసంచీలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం దాటవచ్చు. మందులు వాటి అసలు ప్యాకింగ్‌లోనే, చీటీతో సహా, అనుకున్న రోజులకంటే వారం ఎక్కువకు సరిపడా తీసుకెళ్ళండి.

నీలికెరటం
నర్సు గారూ, చాలా థాంక్స్. ప్యాచ్ వద్దులెండి, మాత్రల గురించే అడుగుతాం. నాన్న సంగతి చెప్పండి. శాంటోరిని చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. వీల్‌చెయిర్‌తో వీలవుతుందా?

తెరచాప
ఉన్నదున్నట్టు చెబుతాను, ముందే తెలిస్తే అక్కడికి వెళ్ళాక మనసు కష్టపడదు. శాంటోరినిలో పెద్ద ఓడలు గట్టుకు ఆనవు. కాల్డెరాలో, అంటే అగ్నిపర్వతం కుంగి సముద్రపు నీరు నిండిన గుంటలో, ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. వీటిని టెండర్లంటారు. ఓడకూ పడవకూ మధ్య ఆ ఒక్క అడుగు ఉంది చూశారూ, కష్టమంతా అక్కడే. పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని, పడవ సమానమైన క్షణం చూసి “ఇప్పుడు” అంటారు. ఆ క్షణంలో అడుగు వేయాలి. సొంతంగా ఆ అడుగు వేయలేనివాళ్ళను చాలా కంపెనీలు టెండర్ ఎక్కించవు. వీల్‌చెయిర్‌ను మడిచి విడిగా ఎక్కిస్తారు.

పడవ దిగేది కొండ కింద ఉన్న పాత రేవులో. ఫిరా ఊరు పైన ఉంటుంది. పైకి వెళ్ళాలంటే కేబుల్ కారు, లేదా మెట్లు, లేదా గాడిదలు. ఒకే రోజు నాలుగైదు ఓడలు వస్తే కేబుల్ కారు దగ్గర క్యూ గంట దాటుతుంది. నీడ తక్కువ.

ఒక దారి ఉంది. ఓడ కంపెనీ టూర్ తీసుకున్నవాళ్ళను సాధారణంగా అథీనియోస్ అనే వేరే రేవుకు చేర్చి, అక్కడినుంచి బస్సులో కొండ పైకి తీసుకెళ్తారు. తిరుగు ప్రయాణం చాలావరకు కేబుల్ కారులోనే ఉంటుంది. నాన్నగారు ఆ పడవ అడుగు వేయగలిగితే ఇది ఆలోచించండి. వేయలేకపోయినా దిగులు వద్దు. కాల్డెరా మొత్తం, కొండ అంచున ఆ తెల్లటి ఊళ్ళతో సహా, ఓడ పై డెక్ మీదనుంచే బాగా కనిపిస్తుంది. అందరూ ఊళ్ళోకి పోయాక డెక్ ఖాళీగా ఉంటుంది, రెయిలింగు పక్కన మంచి చోటు దొరుకుతుంది.

కుశదాసిలో ఈ ఇబ్బంది లేదు, ఓడ ఊరి గట్టుకే ఆనుతుంది. ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు. లోపల మాత్రం పాత పాలరాతి బాట ఎగుడుదిగుడుగా, నున్నగా ఉంటుంది. వీల్‌చెయిర్ నెట్టడానికి బలమైన మనిషి కావాలి.

మైకొనోస్‌లో గాలి ఎటు తిప్పుతుందో చెప్పలేం. ఏజియన్‌లో వేసవి పొడుగునా మెల్టెమీ అనే ఉత్తరపు గాలి వీస్తుంది. జూలై, ఆగస్టుల్లో జోరు ఎక్కువ, సెప్టెంబరులో తగ్గుముఖం పడుతుంది. గాలి ముదిరితే కెప్టెన్ రేవును రద్దు చేస్తారు. ఆ హక్కు ఆయనకు టికెట్ ఒప్పందంలోనే ఉంటుంది. సాధారణంగా ఆ రేవు పన్నులు మాత్రం మీ ఖాతాలోకి తిరిగి వస్తాయి.

లంగరు
తెరచాప గారి మాట మీద ఒక సూచన. నడక ఇబ్బంది ఉన్నవాళ్ళకోసం ఓడల్లో ప్రత్యేకమైన గదులు ఉంటాయి. తలుపు వెడల్పుగా, బాత్‌రూమ్‌కి గడప లేకుండా, పట్టుకోవడానికి కడ్డీలతో ఉంటాయి. మామూలు గదుల్లో బాత్‌రూమ్ గడప కాస్త ఎత్తు, నిద్రమత్తులో తట్టుకుని పడేవాళ్ళు ఉన్నారు. ఆ ప్రత్యేక గదులు చాలా కొద్ది, అందరికంటే ముందు నిండిపోయేవీ అవే. మీరు వాటికోసమే ముందు అడగండి.

దిక్సూచి
నీలికెరటం గారూ, అందరూ గది గురించి రాస్తున్నారు. నాకు మీ రూట్ చూడగానే వీసా గుర్తొచ్చింది. గ్రీస్ షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. టర్కీ కాదు. మళ్ళీ శాంటోరిని అంటే షెంగెన్. అంటే కుశదాసితో మీరు షెంగెన్‌ నుంచి బయటికి వెళ్ళి తిరిగి లోపలికి వస్తున్నారు. షెంగెన్ వీసా అవసరమయ్యే పాస్‌పోర్టు అయితే మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. సింగిల్ ఎంట్రీతో వస్తే పిరయస్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, టికెట్ డబ్బు తిరిగి రాదు. దరఖాస్తుతోపాటు ఓడ రూటు, తేదీలు ఉన్న బుకింగ్ పత్రం పెట్టండి, ఎందుకు అడుగుతున్నారో వాళ్ళకు అర్థమవుతుంది. టర్కీకి ఏం కావాలో కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. పాస్‌పోర్టులకు ప్రయాణం ముగిశాక కూడా ఆరు నెలల గడువు ఉండాలి. పాపదీ చూడండి, పిల్లల పాస్‌పోర్టు గడువు తొందరగా అయిపోతుంది, ఎవరూ గమనించరు.

ఇక సమయం. ఓడలో నడిచేది ఓడ గడియారం. సెప్టెంబరులో గ్రీస్, టర్కీ ఒకే టైం, ఇటలీ గంట వెనక. గ్రీస్ నుంచి నేపుల్స్‌కు వెళ్ళే దారిలో ఒక రాత్రి గడియారం మారుతుంది, ఆ రోజు కార్యక్రమ పత్రంలో రాస్తారు. ఫోన్ టైం దానంతట అది మారుతుంది, కొన్నిసార్లు పక్క దేశపు టవర్ పట్టుకుని తప్పు టైం చూపిస్తుంది. చేతికి ఒక మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైంకే తిప్పుకోండి.

‘ఆల్ అబోర్డ్’ అని ఇచ్చే టైం ఓడ బయల్దేరే టైం కాదు. సాధారణంగా అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. ఆ టైంకు లోపల ఉండాలి. రేవులో నిలిచినందుకు ఓడ అద్దె కడుతుంది, తర్వాతి రేవులో దానికి ఇచ్చిన గంటలు ఉంటాయి, కాబట్టి నలుగురి కోసం ఆగదు. దిగే ప్రతిసారీ ఆ పూట కార్యక్రమ పత్రాన్ని ఫోటో తీసుకోండి. అందులో పోర్ట్ ఏజెంట్, అంటే ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి, నంబరు ఉంటుంది. ఓడ తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది ఆయనకే. అప్పుడు ఓడ సిబ్బంది మీ గదిలో సేఫ్ తెరిచి మీ పాస్‌పోర్టులు తీసి ఏజెంటుకు అప్పగించి వెళ్ళడం చాలా ఓడల్లో ఉన్న పద్ధతి. ఆ తర్వాత విమానం, హోటల్ ఖర్చు మాత్రం మీదే.

అందుకే నా మాట: దూరప్రయాణమున్న చోట ఓడ కంపెనీ టూరే తీసుకోండి. వాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు వాళ్ళ ఖర్చుతో చేరుస్తారు.

తెరచాప
దిక్సూచి గారూ, దూరం చోట మీతో ఒప్పుకుంటాను. కానీ ప్రతి రేవులో అక్కర్లేదండి. నేపుల్స్‌లో రేవు ఊరి మధ్యలోనే ఉంటుంది, గేటు దాటితే పాత వీధుల్లోకి నడిచి వెళ్ళవచ్చు. కంపెనీ టూర్‌లో బస్సు నిండా మనుషులు, జెండా వెనకాల నడక, అందరికీ ఒకే వేగం. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దాయన, ఆరేళ్ళ పిల్ల ఉన్న కుటుంబానికి అది పెద్ద శిక్ష. మీ ఐదుగురికీ ఒక వ్యాను మాట్లాడుకుంటే ఎక్కడ ఆగాలంటే అక్కడ ఆగవచ్చు. చివరి రెండు గంటలు ఓడకు దగ్గర్లోనే గడిపేలా చూసుకుంటే చాలు.

దిక్సూచి
ఆ చివరి రెండు గంటల నియమం కచ్చితంగా పాటించేవాళ్ళయితే నాకూ అభ్యంతరం లేదు.

ఉప్పుగాలి
అందరూ ఆలస్యంగా చెప్పే విషయం, నా దృష్టిలో మొదట చెప్పాల్సింది: మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదంలో ఎక్కడ గుమికూడాలో నేర్పే అభ్యాసం.

2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జిల్యో దీవి దగ్గర కోస్టా కంకార్డియా అనే క్రూజ్ ఓడ రాతిని గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివిటవెక్కియాలో ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్ జరగలేదు. రోమ్ పేరుతో మీరు దిగబోయే రేవు ఈ చివిటవెక్కియాయే. ఆనాటి నిబంధన ప్రకారం ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. ఆ తర్వాత సోలాస్ అనే అంతర్జాతీయ నౌకాభద్రత నియమాలు మార్చారు. 2015 నుంచి ఓడ కదిలేముందు గానీ, కదిలిన వెంటనే గానీ డ్రిల్ జరపాలి.

ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లోనో గది టీవీలోనో వీడియో చూసి, మీ గుమికూడే చోటికి వెళ్ళి కార్డు చూపించి వస్తే అయిపోతుంది. పది నిమిషాల పని. దాన్ని కార్డు గీకి వచ్చే లాంఛనంలా చేయకండి. గదినుంచి ఆ చోటికి మెట్లమీదుగా ఒకసారి నడిచి చూడండి, అపాయంలో లిఫ్టులు వాడకూడదు. ఏడు లేదా ఎక్కువ చిన్న కూతలు, వెంటనే ఒక పొడుగు కూత వినబడితే అది అత్యవసర సంకేతం. పాపకు కూడా నేర్పండి. పిల్లల చేతికి గుమికూడే చోటు నంబరున్న పట్టీ కడతారు, ప్రయాణం అయ్యేదాకా తీయకండి. నాన్నగారికి మెట్లు దిగడంలో సాయం కావాలని ఎక్కిన రోజే రిసెప్షన్‌లో రాయించండి. అలాంటివాళ్ళ జాబితా ఓడలో ఉంటుంది, మనిషిని పంపిస్తారు. రాయించకపోతే వాళ్ళకు తెలిసే దారి లేదు.

పాప ఉంది కాబట్టి ఇంకొకటి. బాల్కనీలో కుర్చీ ఎప్పుడూ రెయిలింగుకు దూరంగా, గోడవైపు ఉండాలి. చాలా ఓడల ఈతకొలనుల దగ్గర లైఫ్‌గార్డులు ఉండరు.

డెక్‌తొమ్మిది
సామాన్ల గురించి త్వరగా రాసేస్తాను. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హఠాత్తుగా పెరిగితే కాపాడే పరికరం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్తే స్కానింగ్‌లో తీసేసుకుంటారు. ఓడ కరెంటు వైరింగ్ ఇళ్ళలో ఉన్నట్టు ఉండదు, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపరు. అలాంటి చోట సర్జ్ ప్రొటెక్టర్ వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, కొవ్వొత్తులు కూడా ఒప్పుకోరు. నాలుగైదు యూఎస్‌బీ పోర్టులున్న చార్జర్ ఒకటి చాలు. గది గోడలు చాలావరకు ఉక్కువి, అయస్కాంతపు కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలు, సంచులు, తడి బట్టలు వేలాడదీయవచ్చు. ఆ చిన్న గదిలో అదెంత సుఖమో ఒక్కరోజులో తెలుస్తుంది.

ఓడ కదలగానే ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తర్వాత వైఫై మాత్రం ఆన్ చేసుకోండి. లేకపోతే ఫోన్ ఓడలోని శాటిలైట్ మొబైల్ నెట్‌వర్క్‌కు తగులుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాకులు దానికి వర్తించవు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది.

ఓడలో ఖర్చంతా గది ఖాతాలో పడుతుంది. డెబిట్ కార్డు ఇస్తే ముందుగా కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు, విడుదల కావడానికి రోజులు పట్టవచ్చు. క్రెడిట్ కార్డు నయం. సిబ్బంది టిప్పులు చాలా కంపెనీల్లో రోజుకింత చొప్పున వాటంతటవే కలుస్తాయి. డ్రింక్స్ ప్యాకేజీ ఒకరు తీసుకుంటే అదే గదిలోని పెద్దలందరూ తీసుకోవాలనే నియమం చాలాచోట్ల ఉంది, అడిగి చూసుకోండి. ప్రతి రాత్రీ టీవీలోనో యాప్‌లోనో ఖాతా చూస్తూ ఉంటే, తప్పు లెక్క కనిపించిన మర్నాడే సరిచేయించవచ్చు. చివరి రోజు రిసెప్షన్ దగ్గర పెద్ద క్యూ ఉంటుంది.

నౌకానర్సు
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు. ఓడలోని వైద్యకేంద్రం అత్యవసరాలకు బాగా పనికొస్తుంది, కానీ అది ఆసుపత్రి కాదు. పరిస్థితి విషమిస్తే దగ్గరి రేవులో దించుతారు, లేదా హెలికాప్టర్ పిలుస్తారు. వైద్యకేంద్రం బిల్లు గది ఖాతాలోనే పడుతుంది, ఆ తర్వాత మీరు ఇన్సూరెన్స్ దగ్గర రాబట్టుకోవాలి. పాలసీలో క్రూజ్ ప్రయాణం, ఎమర్జెన్సీ మెడికల్ ఇవాక్యుయేషన్ (రోగిని ఆసుపత్రికి తరలించే ఖర్చు) రెండూ ఉన్నాయో లేదో చదవండి. అమ్మానాన్నలకు ఇప్పటికే ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. ఒక్కటి వదిలేసినా క్లెయిమ్ అక్కడే ఆగుతుంది.

ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపించడానికి ఎక్కువగా నోరోవైరస్ కారణం. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతం మందికి ఈ లక్షణాలు వస్తే అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరు బయటపెడుతుంది. గుమ్మం దగ్గర చేతిలో పోసే శానిటైజర్ దీని మీద సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్ళతో 20 సెకన్లు కడగాలి. బఫేలో గరిటె పట్టుకున్నాక, మెట్ల కడ్డీ పట్టుకున్నాక, తినబోయేముందు కడగండి. అయినా మెట్ల కడ్డీ వదలొద్దు, పడి తుంటి విరిగితే అది ఇంకా పెద్ద కష్టం. లక్షణాలు కనిపిస్తే వెంటనే వైద్యకేంద్రానికి ఫోన్ చేయండి. గదిలో ఉంచేస్తారని భయపడి దాచేవాళ్ళ వల్లే మిగతావాళ్ళకు అంటుకుంటుంది.

నీలికెరటం
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గ్యారంటీ క్యాబిన్ వద్దని ఏజెంటుకు చెప్పేశాను. ఓడ నడిమిన నాన్నకోసం ప్రత్యేక గది ఒకటి దొరికింది, మా గది దానికి రెండు తలుపుల అవతల. వీసాకు మల్టిపుల్ ఎంట్రీ అడుగుతున్నాం. శాంటోరిని విషయం నాన్నతో మాట్లాడాను. పడవ అడుగు ఎలా ఉందో అక్కడే చూసి నిర్ణయించుకుంటానన్నారు.

చివరి రోజు గురించి చెప్పండి. ఓడ ఉదయం ఆరింటికే రోమ్ చేరుతుందట. పదకొండింటికి విమానం ఉంది, టికెట్ ఇంకా తీసుకోలేదు. సరిపోతుందా?

దిక్సూచి
తీసుకోకండి. టికెట్ మీద రోమ్ అని రాసినా ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కడినుంచి రోమ్ ఊరు సుమారు 70 కిలోమీటర్లు, ఫ్యుమిచీనో విమానాశ్రయం కూడా గంట ప్రయాణం. ఓడ కట్టాక అధికారుల అనుమతి రావాలి, అంతస్తుల వారీగా దింపుతారు, పెట్టెలు వెతుక్కోవాలి. మధ్యాహ్నం రెండు దాటాక ఉన్న విమానం చూడండి. అలాగే వెళ్ళేటప్పుడు ఓడ ఎక్కే రోజుకు ఒకరోజు ముందే ఏథెన్స్ చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

లంగరు
చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, అర్ధరాత్రిలోపు తీసుకెళ్ళిపోతారు. మర్నాటి బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు బయట ఉన్నాయో లేదో చూసుకున్నాకే జిప్ వేయండి. కొన్ని ఓడల్లో ప్రయాణం పొడుగునా పాస్‌పోర్టులు వాళ్ళే ఉంచుకుంటారు. అలాగైతే ఎప్పుడు తిరిగిస్తారో రెండు రోజుల ముందే కనుక్కోండి. నాన్నగారికి దిగేటప్పుడు వీల్‌చెయిర్ సాయం కావాలని ముందురోజు మధ్యాహ్నంలోపు రిసెప్షన్‌లో చెప్పాలి. సాయం కోరినవాళ్ళను వేరే హాల్లో కూర్చోబెట్టి వరుసగా తీసుకెళ్తారు. ఆ హాలు ఏ అంతస్తులో ఉందో, ఎన్నింటికి రావాలో రాయించుకోండి. ఆ ఉదయం లిఫ్టులు కిక్కిరిసి ఉంటాయి, చెప్పిన టైంకు అరగంట ముందే గదిలోంచి బయల్దేరండి.